పురుగుల మీద ఆసక్తి ఉన్న పిల్లలకు ఐనాచురలిస్ట్: ఒక ఉపాధ్యాయుడి సమీక్ష

పురుగుల వెంట తిరిగే పిల్లలున్న తల్లిదండ్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: ఈ ఆసక్తి నాలుగు రోజుల ముచ్చటగా పోకుండా చదువుగా మారాలంటే ఏం కొనివ్వాలి? పెద్దగా కొనవలసింది ఏమీ లేదనీ, ఇంట్లో ఉన్న ఫోనులోనే ఐనాచురలిస్ట్ అనే ఉచిత సేవను పెట్టుకుని దాన్ని పద్ధతిగా వాడితే చాలాదూరం వెళ్లవచ్చనీ నేను చెబుతుంటాను. ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తూ కొన్నేళ్లుగా ఈ సేవను పిల్లలతో కలిసి వాడుతున్నాను. దాని గురించి ఇంగ్లిష్‌లో వచ్చిన పరిచయాలు చాలా ఉన్నా, మన పెరడులో, మన పొలంగట్టున కనిపించే పురుగులతో అది ఎలా పనిచేస్తుందో, బాల్యంలోని కుతూహలాన్ని పరిశోధన వైపు ఎంతవరకు నడిపించగలదో, ఎక్కడ ఆగిపోతుందో తెలుగులో వివరంగా రాసినవారు నాకు కనిపించలేదు. అందుకే ఈ సమీక్ష.

ముందుగా సేవ పుట్టుక గురించి క్లుప్తంగా చెప్పాలి. 2008లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో నేట్ అగ్రిన్, జెస్సికా క్లైన్, కెన్-ఇచి ఉయెదా అనే ముగ్గురు విద్యార్థులు తమ మాస్టర్స్ చదువు చివరి ప్రాజెక్టుగా దీన్ని తయారుచేశారు. 2014లో అది కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్‌లో భాగమైంది, 2017లో నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీ కూడా చేయి కలిపింది, 2023లో లాభాపేక్ష లేని స్వతంత్ర సంస్థగా విడివడింది. వాడుకోవడానికి రుసుము లేదు, తెరమీద ప్రకటనలు రావు. పిల్లల చేతికి ఇచ్చే సేవ విషయంలో ఈ రెండోది చిన్న సంగతి కాదని నా అభిప్రాయం.

పనిచేసే తీరు సులభంగానే అర్థమవుతుంది. కనిపించిన జీవిని ఫోటో తీసి, ఎప్పుడు చూశామో ఎక్కడ చూశామో జతచేసి పంపితే అది ఒక నమోదు అవుతుంది. ఫోనులో స్థాన సమాచారం తెరిచి ఉంటే ఆ రెండు వివరాలూ ఫోటోతోపాటే చేరిపోతాయి. ఆ తరువాత యంత్రం ఫోటోను పోల్చి చూసి కొన్ని పేర్లు సూచిస్తుంది. వాటిలో ఒకటి మనం ఎంచుకోవచ్చు, లేదా మనకు తెలిసినంతవరకే, అంటే 'ఇది ఏదో పెంకుపురుగు' అని మాత్రమే రాసి వదిలేయవచ్చు. అక్కడినుంచి ప్రపంచం నలుమూలల ఉన్న ఔత్సాహికులూ శాస్త్రవేత్తలూ దాన్ని చూసి తమ నిర్ధారణను చేరుస్తారు. తేదీ, స్థలం, ఆధారంగా ఫోటో లేదా శబ్దం ఉండి, జీవి పెంపకంలోది కాకుండా సహజంగా తిరిగేదై, గుర్తించినవారిలో మూడింట రెండు వంతుల కంటే ఎక్కువమంది ఒకే జాతి పేరు మీద ఏకీభవిస్తే ఆ నమోదుకు 'రీసెర్చ్ గ్రేడ్' హోదా వస్తుంది. మనం ఇచ్చిన లైసెన్సు అనుమతిస్తే, అలాంటి నమోదులు కోపెన్‌హాగెన్ కేంద్రంగా పనిచేసే అంతర్జాతీయ జీవవైవిధ్య సమాచార భాండాగారానికి చేరతాయి. జీవుల విస్తరణ మీద పనిచేసే పరిశోధకులు ఎక్కడున్నా అక్కడినుంచే సమాచారాన్ని దించుకుంటారు. తొమ్మిదో తరగతి అమ్మాయి తమ బావి పక్కన తీసిన తూనీగ ఫోటో ఆ విధంగా ఎవరో ఒక పరిశోధకుడి పటంలో చుక్కగా చేరవచ్చు. ఈ మాట చెప్పినప్పుడు పిల్లలు తమ పనిని చూసుకునే తీరే మారడం నేను గమనించాను.

ఈ సేవలో అన్నింటికంటే విలువైనది పేరు చెప్పే యంత్రమని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో అసలు విలువ తేదీని, స్థలాన్ని తప్పనిసరి చేయడంలో ఉంది. చీమల శాస్త్రవేత్తగా ప్రపంచ ప్రసిద్ధుడైన ఎడ్వర్డ్ విల్సన్ బాల్యమే దీనికి మంచి ఉదాహరణ. ఏడేళ్ల వయసులో చేపలు పడుతుండగా జరిగిన ప్రమాదంలో అతనికి కుడికంటి చూపు పోయింది. సన్నని శబ్దాలు సరిగా వినిపించేవి కావు కనుక పక్షుల వెంట తిరగడం కష్టమైంది. మిగిలిన కంటితో దగ్గరి వస్తువులను చాలా స్పష్టంగా చూడగలిగేవాడు కనుక వేళ్ల మధ్య పట్టుకుని చూడదగిన పురుగుల వైపు తిరిగాడు. 1942లో, పదమూడేళ్ల వయసులో, అలబామా రాష్ట్రంలోని మొబీల్ రేవు దగ్గర దక్షిణ అమెరికా నుంచి వలసవచ్చిన నిప్పుచీమల పుట్టను చూసి రాసిపెట్టుకున్నాడు. ఆ చీమ అమెరికాలో అడుగుపెట్టిన సంగతికి తొలి ఆధారాలలో అదొకటి. అది వ్యాపిస్తూ సమస్యగా మారుతున్నప్పుడు, 1949లో అలబామా ప్రభుత్వం ఇంకా విద్యార్థిగానే ఉన్న విల్సన్‌కే దాని వ్యాప్తిని పరిశీలించే పని అప్పగించింది. 'నా చిన్నప్పుడు ఎక్కడో ఎర్రచీమలు చూశాను' అన్న జ్ఞాపకం మాత్రమే మిగిలి ఉంటే దానికి ఆ విలువ ఉండేది కాదు. ఏ సంవత్సరం, ఏ ఊరు, ఏ చోటు అన్నవి ఉన్నందువల్లే అది శాస్త్రానికి పనికివచ్చింది.

మన దగ్గర కూడా ఇలాంటి సందర్భాలకు లోటు లేదు. మొక్కజొన్నను నాశనం చేసే కత్తెర పురుగును 2018లో కర్ణాటకలో మొదటిసారి గుర్తించిన తరువాత అది తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పొలాలకు చేరడానికి ఎక్కువ కాలం పట్టలేదు. కొత్త పురుగు ఏ ఊళ్లో ముందు కనిపించిందో చెప్పగల తేదీ ఉన్న ఫోటో అలాంటి సమయంలో ఎంత ఉపయోగపడుతుందో రైతు కుటుంబాల పిల్లలకు విడమరచి చెప్పనక్కరలేదు.

ఇప్పుడు నిత్యం ఎదురయ్యే ఒక పురుగుతో ఈ సేవను పరీక్షిద్దాం. కరివేపాకు చెట్టో నిమ్మచెట్టో ఉన్న ప్రతి ఇంట్లోనూ లేత ఆకుల మీద పక్షి రెట్టలాగా నలుపు తెలుపు మచ్చలతో ఒక చిన్న గొంగళిపురుగు కనిపిస్తుంది. కొన్నాళ్లకు అదే పురుగు చర్మం విడిచి ఆకుపచ్చగా మారుతుంది. వేలితో ముట్టుకుంటే తల వెనుకనుంచి రెండు చీలికల ఎర్రని అవయవాన్ని బయటికి చాపి ఘాటైన వాసన వదులుతుంది. పిల్లలు మొదట జంకి, తరువాత మళ్లీ మళ్లీ ముట్టుకోబోయేది ఇక్కడే. పక్షి రెట్టలా ఉన్న చిన్న దశ ఫోటోను ఒక్కటే పంపితే నిమ్మచెట్టు మీద బతికే రెండు మూడు సీతాకోకచిలుకల పేర్లు సూచనలుగా వస్తాయి. అది యంత్రం లోపమని నేను అనను. ఆ దశలో వాటిని వేరుచేయడం మనిషికీ కష్టమే. ఆకుపచ్చ దశను, పక్కనుంచి వీపు చారలు కనబడేలా, తింటున్న ఆకుతో సహా తీసి పంపితే నిర్ధారణ చాలా మెరుగవుతుంది. అది కామన్ మార్మన్ అనే సీతాకోకచిలుక పిల్ల అని తేలిన తరువాతే అసలు కథ మొదలవుతుంది.

కామన్ మార్మన్ మగవన్నీ ఒకే రకంగా నల్లగా, వెనుక రెక్కల మీద తెల్ల మచ్చల వరుసతో ఉంటాయి. ఆడవి మాత్రం మూడు రూపాలలో ఉంటాయి. ఒక రూపం మగదానిలాగే ఉంటుంది. మిగిలిన రెండు రూపాలు కామన్ రోజ్, క్రిమ్సన్ రోజ్ అనే వేరే సీతాకోకచిలుకలను అనుకరిస్తాయి. ఆ రెండూ గొంగళిపురుగులుగా ఉన్నప్పుడు ఈశ్వరి తీగ జాతి మొక్కలను తిని వాటి విషాన్ని ఒంట్లో నిలువ చేసుకుంటాయి కనుక పక్షులు వాటి జోలికి వెళ్లవు. వాటి వేషం వేసుకున్న మార్మన్ ఆడవి విషం లేకుండానే ఆ రక్షణ పొందుతాయి. ఈ మూడు రూపాలూ ఒకే జాతికి చెందిన ఆడవేనని బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ 1865లోనే రాశాడు. ఒకే తల్లి పెట్టిన గుడ్లనుంచి ఇంత తేడాగల ఆడవి ఎలా వస్తాయి, మగవాటిలో ఆ తేడా ఎందుకు కనిపించదు అన్న ప్రశ్నకు జన్యువు స్థాయిలో జవాబు 2014లో దొరికింది. కీటకాలలో ఆడ మగ లక్షణాలను నిర్ణయించడంలో పాలుపంచుకునే 'డబుల్‌సెక్స్' అనే జన్యువే ఈ వేషాన్ని కూడా నిర్దేశిస్తోందని చూపిన ఆ పరిశోధనకు మొదటి రచయిత, బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రంలో సీతాకోకచిలుకల మీద పనిచేస్తున్న కృష్ణమేఘ్ కుంటే. వాలెస్‌కూ కుంటేకూ మధ్య దాదాపు ఒకటిన్నర శతాబ్దం ఉంది. ఆ ప్రశ్న మాత్రం మన పెరట్లో కరివేపాకు చెట్టు మీదే పాకుతోంది.

ఇది సమీక్షకు సంబంధం లేని సుదీర్ఘ వివరణ అనిపించవచ్చు గాని, ఐనాచురలిస్ట్ విలువను నేను ఇక్కడే కొలుస్తాను. మా పిల్లలు ఒక ప్రాంతంలోని కామన్ మార్మన్ నమోదులన్నీ ఒకే తెరమీద తెరిచి ఏవి మగవి, ఏవి ఏ రూపానికి చెందిన ఆడవి అని విడదీయడం మొదలుపెట్టినప్పుడు, వేషం వేసిన రూపాలు కనిపించే చోట అసలు విషపు సీతాకోకచిలుకలు కూడా ఉన్నాయా అని ఒక విద్యార్థిని అడిగింది. ఆ ప్రశ్న నేను నేర్పింది కాదు. వేల ఫోటోలు తేదీలతో, చోట్లతో ఒకచోట పేర్చి ఉండడంవల్ల పుట్టింది. గ్రంథాలయంలో ఉన్న చిత్రపటాల పుస్తకంలో ఒక్కో జాతికి ఒకటో రెండో చిత్రాలే ఉంటాయి. అక్కడ ఈ ప్రశ్న పుట్టే అవకాశం చాలా తక్కువ.

ఇక సేవ ఆగిపోయే చోట్ల గురించి చెప్పాలి. ఐనాచురలిస్ట్ ఒక క్షణాన్ని నమోదు చేయడానికి తయారైనది. పురుగు జీవితాన్ని అనుసరించడం దానికి సహజంగా రాదు. గుడ్డు, గొంగళి, ప్యూపా, సీతాకోకచిలుక అని ఒకే జీవి దశలను వేరువేరు నమోదులుగా పెట్టి, వాటిని వ్యాఖ్యల ద్వారా ముడివేయవలసి వస్తుంది. పైగా ఇంట్లో సీసాలో పెంచిన పురుగు సహజ నమోదుగా లెక్కలోకి రాకపోవచ్చు కనుక, దొరికిన చోటునూ దొరికిన తేదీనీ మొదటి ఫోటోతోనే నమోదు చేయడం మంచిది. ఎన్ని ఆకులు తిన్నది, ఎన్నోసారి చర్మం విడిచింది, ప్యూపాలోనుంచి సీతాకోకచిలుకకు బదులు చిన్న చిన్న పరాన్నజీవి కందిరీగలు ఎందుకు వచ్చాయి వంటి సంగతులకు ఇప్పటికీ రూళ్ల పుస్తకమే సరైన చోటు. సేవను వాడుతున్నామని పుస్తకం మానేసిన పిల్లలకంటే, రెండూ కలిపి నడిపిన పిల్లలు ఎంతో ముందుకు వెళ్లారు.

పరిశోధన అనేది జాతి పేరు తెలియడంతో పూర్తికాదని చూపించే మనిషి మన పొరుగునే ఉన్నారు. రాఘవేంద్ర గదగ్కర్ బెంగళూరు సెంట్రల్ కాలేజీలో జంతుశాస్త్రం చదివే రోజుల్లోనే భవనం కిటికీలకు పట్టిన కందిరీగల గూళ్లను చూశారు. భారతీయ విజ్ఞాన సంస్థలో అణుజీవశాస్త్రంలో పరిశోధన చేస్తూ కూడా కందిరీగలను అభిరుచిగా చూస్తూనే ఉన్నారు, చివరికి వాటినే జీవితకాలపు పరిశోధనగా చేసుకున్నారు. రోపాలిడియా మార్జినేటా అనే ఆ కందిరీగ దక్షిణ భారతంలో ఇళ్ల చూరుల కింద మామూలుగా కనిపించేదే. ఒక్కో కందిరీగ ఒంటి మీద వేరువేరు రంగు చుక్కలు పెట్టి, ఏది ఏమి చేస్తున్నదో ఓపికగా రాసుకోవడం ఆయన బృందం పనిలో ప్రధాన భాగం. సాధారణంగా రాణి నెమ్మదిగా, ఎవరి జోలికీ పోకుండా ఉంటుందనీ, ఆ రాణిని తొలగించగానే పనివాటిలో ఒకటి విపరీతమైన దూకుడు చూపించి కొద్ది రోజులలో కొత్త రాణి అవుతుందనీ వాళ్లు కనుగొన్నారు. ఐనాచురలిస్ట్ ఆ కందిరీగ జాతిని చెప్పగలదు. గూటిలోని ఒక్కో కందిరీగను వేరుగా గుర్తించే పని దానిది కాదు, అది చూసేవారి చేతిలోని రంగు చుక్కది.

పేరు చెప్పే యంత్రం విషయంలో నా సలహా కాస్త గట్టిగానే ఉంటుంది. యంత్రం తగినన్ని ఫోటోలు చేరిన జాతులనే నేర్చుకుంటుంది. పెద్దవీ, రంగురంగులవీ, అందరూ ఫోటోలు తీసేవీ అయిన సీతాకోకచిలుకలు, తూనీగల విషయంలో మన ప్రాంతంలో కూడా దాని సూచనలు బాగుంటాయి. చిన్న పెంకుపురుగులు, ఈగలు, మిల్లీమీటరు పరిమాణంలో ఉండే కందిరీగల దగ్గర మాత్రం ఎక్కడో వేరే ఖండంలోని పోలికగల జాతి పేరు చూపించే అవకాశం ఉంది. చాలా కీటకాలను జాతి స్థాయిలో నిర్ధారించాలంటే వాటి జననాంగాలను సూక్ష్మదర్శిని కింద పరీక్షించక తప్పదు. 2021-22లో గుంటూరు, ఖమ్మం జిల్లాల మిర్చి రైతులను నిలువునా ముంచిన నల్ల తామర పురుగులనే తీసుకోండి. వాటిని మామూలు తామర పురుగులనుంచి ఖాయంగా వేరుచేయాలంటే గాజు పలక మీద అమర్చి సూక్ష్మదర్శినితో చూడాలి. ఫోను ఫోటో సరిపోదు. అందువల్ల యంత్రం ఎంత ధీమాగా పేరు చూపించినా, పిల్లలు తమ కళ్లతో ధ్రువీకరించుకోగల స్థాయి దగ్గరే ఆగాలనేది మా బడిలో నియమం. 'ఇది చీడపురుగులను వేటాడే అక్షింతల పురుగుల కుటుంబం' అని రాసి ఆగిపోవడం ఓటమి కాదు. సేవ కూడా దాన్ని పూర్తిగా అంగీకరిస్తుంది, ఆ పైన తెలిసినవారు ముందుకు తీసుకువెళతారు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఎవరో ఒక పేరు సూచించగానే, చూడకుండానే దానితో ఏకీభవిస్తూ మీట నొక్కడం పిల్లలకు సరదాగా ఉంటుంది. అలా చేస్తే నమోదుకు రీసెర్చ్ గ్రేడ్ హోదా వచ్చేస్తుంది, తప్పు పేరు మరింత గట్టిపడుతుంది. ఏ లక్షణాన్ని చూసి ఒప్పుకుంటున్నారో ఒక్క వాక్యమైనా రాయలేనప్పుడు ఆ మీట నొక్కకూడదని నేను పట్టుబడతాను.

అయితే మనుషులు చేసే సవరణలే ఈ సేవలోని గొప్ప బోధన అని కూడా చెప్పాలి. మా విద్యార్థి ఒకడు పూల మీద వాలిన పసుపు నలుపు చారల పురుగును తేనెటీగ అని నమోదు చేశాడు. కొన్ని గంటలలోనే, ముఖమైనా తెలియని ఒక పరిశీలకుడు అది తేనెటీగను పోలిన ఈగ అని చెప్పి, రెక్కలు లెక్కపెట్టమని రాశాడు. తేనెటీగలకు, కందిరీగలకు నాలుగు రెక్కలుంటాయి, ఈగలకు రెండే. పెద్దది చేసి చూస్తే రెండే కనిపించాయి. ఈ సవరణలో వెక్కిరింత లేదు, మార్కుల కోత లేదు, ఒక ఆధారం మాత్రమే ఉంది. పాఠ్యపుస్తకంలో రెక్కల సంఖ్య గురించి చదివిన పిల్లలు చాలామందే ఉంటారు. సాక్ష్యం చూసి తన మాటను తానే మార్చుకోవడం ఆ పిల్లవాడికి ఆ రోజు అలవడింది. మరుసటి వారం అతనే ఇంకొకరి నమోదు కింద అదే మాట రాశాడు.

ఆరుద్ర కార్తెలో తొలకరి పడగానే నేలమీద ఎర్రని మఖమలు ముద్దల్లా తిరిగే ఆరుద్ర పురుగు విషయంలోనూ ఇలాంటి బోధనే జరుగుతుంది. సేవ దాన్ని కీటకాలలో చూపించదు, సాలీళ్లు, తేళ్లు ఉన్న వర్గంలో పెడుతుంది. ఎందుకని అడిగిన పిల్లలు కాళ్లు లెక్కపెట్టి ఎనిమిది ఉన్నాయని గ్రహిస్తారు. అక్కడినుంచి ఇంకొంచెం ముందుకు వెళితే, దాని పిల్లదశకు ఆరు కాళ్లే ఉంటాయనీ, ఆ దశలో అది మిడతల వంటి కీటకాల ఒంటిని పట్టుకుని బతుకుతుందనీ తెలుస్తుంది. మిడత రెక్కల దగ్గర ఎర్రని చిన్న చుక్కలు కనిపిస్తే జాగ్రత్తగా ఫోటో తీయమని చెప్పండి. ఆ రెండు జీవితాలను కలిపే ఆధారం అదే.

వయసు, భద్రతల సంగతి తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాలి. పదమూడేళ్లలోపు పిల్లలు ఐనాచురలిస్ట్‌లో సొంతంగా ఖాతా తెరవడానికి లేదు. వారికి ఇదే సంస్థ 2018లో విడుదల చేసిన 'సీక్' అనే యాప్ ఉంది. దానికి ఖాతా అవసరం లేదు, పిల్లల ఫోటోలనూ వివరాలనూ ఎక్కడా ప్రచురించదు. కెమెరాను పురుగు మీదికి తిప్పితే జంతువు, కీటకం, సీతాకోకచిలుక అంటూ వర్గీకరణలో ఒక్కో మెట్టూ దిగుతూ వెళుతుంది. జంతు వర్గీకరణను ఇంత సహజంగా చూపించిన పరికరాన్ని నేను ఇంకొకటి చూడలేదు. కాని అది పేరు చెప్పి వదిలేస్తుంది, ఆపైన మాట్లాడే మనుషులు అందులో లేరు. పదేళ్ల పిల్లలకు సీక్ ఇచ్చి, విలువైన ఫోటోలను తల్లిదండ్రుల ఖాతా ద్వారా ఐనాచురలిస్ట్‌కు పంపడం నాకు తోచిన ఉత్తమ మార్గం. ఇంటి పెరటి ఫోటోలు పంపేటప్పుడు స్థానాన్ని 'అస్పష్టం' చేసే అమరికను ఎంచుకోవాలి. అప్పుడు ఇతరులకు సుమారు ఇరవై కిలోమీటర్ల పక్క గల చతురస్రంలో ఎక్కడో ఒకచోటు మాత్రమే కనిపిస్తుంది. ఫోటోలలో పిల్లల ముఖాలు పడకుండా చూడాలి.

పరికరాలకు డబ్బు పెట్టాలనుకునేవారు ముందుగా పదిరెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం, ఫోనుకు తగిలించే మ్యాక్రో లెన్స్ కొనుక్కోవచ్చు. ఫోటోలు పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, ముఖం ఒకటి, వాలిన మొక్క ఒకటి తీయాలి. ఒక్క అందమైన ఫోటోకంటే ఈ నాలుగు సాదా ఫోటోలే నిర్ధారణకు ఎక్కువగా పనికివస్తాయి. వానాకాలపు రాత్రి డాబా మీద తెల్ల దుప్పటి కట్టి వెనుక బల్బు వెలిగిస్తే వచ్చే చిమ్మటల వైవిధ్యం చూసి పెద్దలే ఆశ్చర్యపోతారు. పురుగులను పట్టి సూదులు గుచ్చి పెట్టెల్లో దాచే పాత పద్ధతిని మాత్రం ఇంటి దగ్గర ప్రోత్సహించవద్దు. కొన్ని సీతాకోకచిలుకలకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. పిల్లల ఆసక్తికి ఫోటో చాలు.

మన దేశానికి చెందిన ఇతర సేవలతో పోల్చి చూడడం కూడా అవసరం. భారత జీవవైవిధ్య పోర్టల్ మన జీవజాతులకే కేటాయించినది, అక్కడి చర్చలు నాకు నచ్చుతాయి. సీతాకోకచిలుకల కోసం ప్రత్యేకంగా ఉన్న 'బటర్‌ఫ్లైస్ ఆఫ్ ఇండియా' వెబ్‌సైటు, ప్రతి జాతికీ జీవితదశలతో, రూపభేదాలతో పేజీలు పెట్టి నిపుణుల పరిశీలనతో నడుస్తోంది. సందేహం తీర్చుకోవడానికి నేను ముందు అక్కడికే వెళతాను. వేగంగా జవాబు రావడంలో, అన్ని రకాల పురుగులనూ స్వీకరించడంలో ఐనాచురలిస్ట్ ముందుంది. తెలుగు పిల్లలకు దానిలో ఉన్న ఇబ్బంది భాష. చాలా పురుగులకు తెలుగు పేర్లు ఇంకా చేరలేదు, చర్చలు ఎక్కువగా ఇంగ్లిష్‌లో సాగుతాయి. మొదటి నెలల్లో పెద్దలు పక్కన కూర్చోవలసి ఉంటుంది.

బాల్యపు ఆసక్తి పరిశోధన అయ్యే తీరుకు ఇటీవలి ఉదాహరణలు రెండు నాకు చాలా ఇష్టం. ఇంగ్లండ్‌లోని బ్లాకాటన్ అనే ఊరి ప్రాథమిక పాఠశాలలో ఎనిమిది నుంచి పదేళ్ల లోపు పిల్లలు పాతికమంది, బంబుల్ తేనెటీగలు రంగులనూ అమరికనూ కలిపి గుర్తుపెట్టుకోగలవా అని తామే ప్రశ్న వేసుకుని, ప్రయోగం నడిపి, తమ మాటల్లోనే రాసిన వ్యాసం 2010లో బయాలజీ లెటర్స్ పత్రికలో అచ్చయింది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఎనిమిదేళ్ల పిల్లవాడు చీమలపుట్ట దగ్గర గింజల్లాంటి గుండ్రని వస్తువులను చూశాడు. కీటక శాస్త్రవేత్త అయిన తండ్రి అవి గింజలు కావని, ఓక్ చెట్టు మీద ఒక చిన్న కందిరీగ కారణంగా ఏర్పడే బుడిపెలని గుర్తించాడు. చీమలు వాటిని పుట్టలోకి మోసుకుపోయి పైనున్న కొవ్వు టోపీని తిని, లోపలి కందిరీగ పిల్లను వదిలేస్తాయని పరిశోధకులు 2022లో ప్రచురించారు. ఈ రెండు చోట్లా ప్రశ్న పిల్లలది, దాన్ని కొట్టిపారేయకుండా పక్కన నిలబడింది పెద్దలు. ఈ సేవ ఆ పెద్దల స్థానాన్ని పూరించలేదు. వాళ్లు ఎక్కడో దూరాన ఉన్నప్పుడు వాళ్లను పిల్లవాడి దగ్గరికి తీసుకురాగలదు, అంతే.

ఉపాధ్యాయులకు మాత్రం ఒక ప్రత్యేక సూచన చేస్తాను. సేవలో 'ప్రాజెక్టు' అనే సదుపాయం ఉంది. మీ బడి చుట్టూ ఒక హద్దు గీసి, ఆ హద్దులో నమోదైన కీటకాలన్నీ ఒకచోట చేరేలా అమర్చవచ్చు. సంవత్సరం చివర ఆ సమాచారాన్నంతా పట్టికగా దించుకుని పిల్లలచేత నెలవారీగా లెక్కపెట్టించవచ్చు. మేము ఎంచుకున్నది వానాకాలంలో గుంపులు గుంపులుగా తిరిగే పసుపు తూనీగ, శాస్త్రీయంగా పాంటాలా ఫ్లేవెసెన్స్. మాల్దీవులలో నివసించే జీవశాస్త్రవేత్త చార్లెస్ ఆండర్సన్, మంచినీటి చెరువులు దాదాపుగా లేని ఆ దీవులకు ఈ తూనీగలు ప్రతి అక్టోబరులో ఎందుకు వస్తున్నాయని ఆలోచించి, ఏటా అవి కనిపించిన తేదీలను రాసుకుంటూ పోయాడు. అవి భారతదేశంనుంచి హిందూ మహాసముద్రం దాటి తూర్పు ఆఫ్రికాకు వెళుతూ, తరాలు మారుతూ తిరిగి వస్తున్నాయనీ, ఆ చుట్టు ప్రయాణం మొత్తం 14,000 నుంచి 18,000 కిలోమీటర్ల వరకు ఉండవచ్చనీ 2009లో ప్రతిపాదించాడు. మా పట్టికలో ఆ తూనీగ నమోదులు ఏ నెలలో పెరుగుతున్నాయి, ఏ నెలలో ఆగిపోతున్నాయి అన్నది పదో తరగతి పిల్లలు గ్రాఫుగా గీస్తున్నారు. ఆగిపోయిన నెల నిజంగా తూనీగలు వెళ్లిపోయిన నెలా, లేక పరీక్షల వల్ల ఎవరూ బయటికి వెళ్లని నెలా అని వాళ్లే వాదించుకుంటున్నారు. ఆ సందేహం తీర్చుకోవడానికి ఈ ఏడాదినుంచి తూనీగ కనిపించని రోజులను కూడా రూళ్ల పుస్తకంలో రాయాలని నిర్ణయించుకున్నారు. కనిపించని దాన్ని నమోదు చేసే వీలు ఐనాచురలిస్ట్‌లో లేదు.